లేపాక్షి చిత్రాలు: సున్నం ఒప్పుకొన్న రంగులు

హిందూపురానికి తూర్పుగా సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో, కూర్మశైలమనే చిన్న రాతిగుట్టమీద లేపాక్షి వీరభద్రాలయం ఉన్నది. విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలకు అక్కడ ముందుగా చూపించేది వేలాడే స్తంభం. ఈ పక్కనుంచి ఒకరు తువ్వాలు దూర్చితే ఆ పక్కనుంచి మరొకరు లాగుతారు. ఆ సరదా తీరిన తరవాత, తలలెత్తి మండపం కప్పును చూడమంటారు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, దూడకోసం న్యాయగంట మోగించిన ఆవు కథ వరసగా కనబడుతవి. "ఈ రంగులన్నీ ఆకుపసర్లు, పూలరసాలు. రసాయనాలేమీ లేవు" అని చూపించేవారు చెబుతారు. పిల్లలు నోటుపుస్తకాల్లో వ్రాసుకొంటారు. మరునాడు తరగతిలో ఉపాధ్యాయుడు కాల్షియం హైడ్రాక్సైడును గురించి పాఠం చెబుతాడు. నిన్న చూసిన కప్పుకూ, ఈనాటి పాఠానికీ సంబంధమున్నదని ఎవరికీ తోచదు.

ఆ చిత్రాలను గురించి ప్రచారంలో ఉన్న మాటలు రెండు. ఒకటి పైన చెప్పిన పసర్ల మాట. రెండవది కొందరు కళాచరిత్రకారులది. ఈ చిత్రాలలో నీలం దాదాపు లేదు, పూర్వచిత్రాలతో పోలిస్తే రంగుల సంపద తగ్గింది, కనుక ఇది కళ క్షీణించిన దశ అని వారి తీర్పు. మొదటి మాట మెప్పుకోలు, రెండవది తప్పుపట్టటం. రెంటిలోనూ మరచిపోయిన వస్తువు ఒక్కటే. అది సున్నం.

పసర్ల మాటను పరీక్షించటానికి ప్రయోగశాల అక్కరలేదు. పసుపులో తడిసున్నం కలిపితే ఏమవుతుందో తెలుగుదేశంలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి అదే. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం ఆమ్లంలో పచ్చగాను, క్షారంలో ఎర్రగాను ఉంటుంది. తేరిన సున్నపునీటి పి.హెచ్. విలువ 12కు పైబడి ఉంటుంది. అంత తీవ్రమైన క్షారంమీద పసుపు పూస్తే ఆ క్షణంలోనే ఎర్రబడుతుంది. సున్నం ఆరి, క్షారగుణం తగ్గిన తరవాత కొంత పచ్చదనం తిరిగి రావచ్చు. కాని కర్కుమిన్ వెలుతురుకు ఆగదు. పసుపు మరక పడిన పంచెను రెండు మూడు రోజులు ఎండలో ఆరవేస్తే మరక పోవటం అందరూ చూసినదే. మండపం నీడలోనిదే అయినా, పగటి వెలుతురు దాదాపు అయిదు వందల సంవత్సరాలుగా ఆ కప్పును సోకుతూనే ఉన్నది. పూలరసాల రంగులు చాలావరకు పసుపుకంటె బలహీనమైనవి. మందారపువ్వు రసాన్ని సున్నపునీటిలో వేస్తే ఎరుపు పోయి పచ్చనై, క్రమంగా మురికిరంగుకు దిగుతుంది.

"రసాయనాలేమీ లేవు" అనే మాట మరీ వింతైనది. కప్పుకు పూసిన గార అంతా రసాయనమే. సున్నపురాయి కాల్షియం కార్బొనేటు. దానిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాలిస్తే బొగ్గుపులుసు గాలి వెళ్లిపోయి పొడిసున్నం మిగులుతుంది. నూరు కిలోల శుద్ధమైన రాయినుంచి వచ్చే సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలు గాలిలో కలిసిపోతవి. పొడిసున్నంమీద నీళ్లు పోస్తే బుసబుస పొంగి తడిసున్నం అవుతుంది. ఇసుకతో కలిపి గానుగలో ఆడించి గోడకు పూస్తే, అది నీటిని వదలి, బట్టీలో పోగొట్టుకొన్న ఆ బొగ్గుపులుసు గాలిని చుట్టూ ఉన్న వాతావరణంనుంచి మళ్లీ పీల్చుకొంటుంది. గోడమీద పూత గట్టిపడటమంటే అర్థం ఇదే. అది తిరిగి రాయి అయింది. పదవతరగతి పాఠంలో, వెల్లవేసిన గోడకు రెండు మూడు రోజులలో మెరుగు వస్తుందని ఒక వాక్యం ఉన్నది. ఆ వాక్యం ఎంత పెద్ద సంగతి చెబుతున్నదో పుస్తకం గమనించినట్టు లేదు. వెంటనే సమీకరణానికి వెళ్లిపోతుంది.

తెలుగు మేస్త్రీలు డంగుసున్నంలో బెల్లపునీరు, కరక్కాయ నానవేసిన నీరు పోసేవారు. ఇది మూఢాచారమేమీ కాదు. చక్కెర కలిసిన నీటిలో సున్నం మామూలు నీటిలోకంటె ఎంతో ఎక్కువగా కరుగుతుంది. కరక్కాయలోని టానిన్లు కూడ గార గుణాన్ని మారుస్తవి. అదే సున్నాన్ని బెల్లంవండే పెనంలో చిటికెడు వేసి చెరకురసంలోని మడ్డి విరగదీస్తారు. తాంబూలంలో వక్కతోను, కాచుతోను కలిసి నోరు ఎర్రచేసేది అదే. దానిమీదికి క్లోరిన్ వాయువును పంపితే ఊరిబావిలో చల్లే బ్లీచింగు పౌడరు వస్తుంది.

ఇంతటి క్షారంమీద, ఇంత మెల్లగా రాయిగా మారే తలంమీద, ఏ రంగు నిలుస్తుంది? చిత్రకారుడు వేసుకొనవలసిన మొదటి ప్రశ్న ఇది. అచ్యుతదేవరాయలు రాజ్యమేలిన 1529-1542 మధ్యకాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు ఈ ఆలయాన్ని విస్తరింపజేసినప్పుడు అక్కడ పనిచేసిన చిత్రకారుల పేర్లు ప్రసిద్ధిలో లేవు. కాని వారు ఆ ప్రశ్న వేసుకొన్నారని కప్పే చెబుతున్నది. నారింజచాయ కలిసిన ఎరుపు నేల, నల్లని రేఖలు, తెలుపు, కొంత ఆకుపచ్చ, పసుపుమన్ను రంగు, గోధుమవన్నెలు. ఇంతే.

ఎరుపును తీసుకొనండి. జాజు అన్నా, కావి అన్నా, ఎర్రమన్ను అన్నా దాని రంగుకు కారణం ఫెర్రిక్ ఆక్సైడు. అది ఇనుము చేరుకొనే చివరి గమ్యం. ఇనుము అంతకుమించి తుప్పుపట్టదు, కనుక అంతకుమించి మారదు. క్షారం దానినేమీ చేయలేదు. వెలుతురు తాకినా చెదరదు. అనంతపురం ప్రాంతంవారికి ఈ సమ్మేళనం కొత్తదికాదు. ఓబుళాపురం గనులలో త్రవ్విన హెమటైటు ఇదే. ఇంటిముందు అరుగులకు అలికే జాజులోను, ఇనుపగేటుకు తొలిపూతగా వేసే రెడాక్సైడులోను, పాత ఇళ్ల ఎర్రగచ్చులోను ఉన్నది ఇదే. కంసాలి బంగారానికి మెరుగుపెట్టే ఎర్రపొడి కూడ ఇదే. పాటలను భద్రపరచిన అయస్కాంతపు టేపుల మీద పూసినది దీని మరొక స్ఫటికరూపం.

పసుపుమన్ను దీనికి తమ్ముడు వంటిది. దానిలో ఐరన్ ఆక్సైడుతో నీటిభాగం ముడిపడి ఉంటుంది. ఇనుపగరిటెలో పోసి పొయ్యిమీద కాలిస్తే ఆ నీరు పోయి కళ్లముందే ఎర్రబడుతుంది. ఒకే మట్టితో, కాల్చటంలో హెచ్చుతగ్గులతో, పసుపునుంచి నారింజ మీదుగా ఎరుపువరకు ఎన్నో చాయలు వస్తవి. నలుపు దీపపుమసి, అంటే కాటుకలో ఉండే బొగ్గే. మామూలు వేడిమిలో బొగ్గు దేనితోను కలవదు. తెలుపు సున్నమే. ఆకుపచ్చకు అజంతాలోను, దక్షిణదేశంలోని ఇతర భిత్తిచిత్రాలలోను ఇనుము కలిసిన ఒక పచ్చని మట్టిని వాడినట్టు పరీక్షలలో తేలింది. ఈ పళ్లెంలోని రంగులు సున్నంతో పేచీపెట్టనివి.

పేచీపెట్టే రంగులూ లేకపోలేదు. సిందూరం ఒకటి. అది సీసపు ఆక్సైడు. చూడటానికి నారింజఎరుపుగా మహా ఆకర్షణగా ఉంటుంది. కాని గోడమీద కొంతకాలానికి నల్లబడుతుంది. చెన్నినో చెన్నినీ అనే ఇటలీ చిత్రకారుడు 1400 ప్రాంతంలో వ్రాసిన పనిపుస్తకంలోనే, దీనిని పలకమీదనే వాడాలి, గోడమీద వేస్తే గాలి తగిలి నల్లనవుతుందని హెచ్చరించినాడు. రాగి సమ్మేళనాలు మరొకటి. అజురైటు అనే నీలపురాయి చెమ్మకు క్రమంగా పచ్చబడవచ్చు. ఈ సంగతి మరచి, పాతగోడమీద నల్లగా కనబడిన ముఖం చూచి చిత్రకారుడు నల్లగానే వ్రాసినాడనుకొనే విమర్శకుడు పొరబడతాడు.

ఇక నీలం మాట. పసర్లవాదానికి గట్టి ఆధారం ఇక్కడే ఉన్నదని ఒప్పుకోవాలి. నీలిచెట్టు ఆకునుంచి వచ్చే నీలిరంగు వృక్షసంబంధమైనదే. పైగా సున్నానికి భయపడదు. అద్దకంవారు నీలికుండలో సున్నం కలిపే వాడేవారు. కడప జిల్లా నీలికి పందొమ్మిదవ శతాబ్దంలో విదేశాలలో పేరుండేది. 1897లో జర్మనీ కర్మాగారం కృత్రిమ నీలిని అమ్మకానికి తెచ్చిన తరవాత ఆ సేద్యం దెబ్బతిన్నది. కనుక వృక్షపు రంగు గోడమీద ఒక్కటీ నిలవదని ఎవరైనా అంటే అదీ అతిశయోక్తే. కాని నీలికి వెలుతురు శత్రువు. బట్టమీద దారంలోపలికి ఇంకి రక్షణ పొందినట్టు, గోడమీద పలుచని పొరగా ఉన్నప్పుడు అది రక్షణ పొందలేదు.

అజంతాలోని మేలైన నీలం లాజవర్దం రాతిది. బదక్షాన్ కొండలనుంచి, అంటే నేటి ఆఫ్ఘనిస్థానంనుంచి, రావలసిన వస్తువు. దాని వెల ఊహించుకోవచ్చు. ఆ రాతిలోని రంగుపదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసిన వారికి ఆరువేల ఫ్రాంకుల బహుమానమిస్తామని 1824లో ఫ్రాన్సుదేశపు సంఘమొకటి ప్రకటించింది. 1828లో గిమే అనే రసాయనజ్ఞుడు ఆ బహుమతి గెలుచుకొన్నాడు. చీనామట్టి, సోడా, గంధకం, బొగ్గు కలిపి కాల్చటమే ఆ విద్య. ఒకనాడు రాజులకు కూడ అపురూపమైన ఆ రంగు తరవాత చాకలి నీలిమందు పొడిగా కిరాణాకొట్టులోకి దిగింది. వెల్లవేసేటప్పుడు సున్నపు తొట్టిలో వేసే చిటికెడు నీలిమందు అదే. నీలిమందు అనే పేరు చెట్టునుంచి వచ్చింది, పొట్లంలో ఉన్న సరుకు రాతివంశానిది. పేరునుబట్టి పదార్థాన్ని తేల్చరాదనటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ తరగతిలో చెప్పటానికి దొరకదు.

ఇప్పుడు రెండవ తీర్పును చూడవచ్చు. నీలం లేదు కనుక క్షీణత అన్నవారు, రంగుల సంఖ్యను కళకు కొలతగా తీసుకొన్నారు. అది న్యాయంకాదు. ఎర్రని నేల, నల్లని రేఖ, తెలుపు, ఈ మూడు ఉన్నచోట రేఖ మీదనే భారమంతా పడుతుంది. లేపాక్షి చిత్రకారుడు ఆ భారాన్ని మోసినాడు. ముఖాలు ఎక్కువగా పక్కవాటుగా, ఒకే ధోరణిలో ఉండవచ్చు. ఒక స్త్రీకి మరొక స్త్రీకి ముఖంలో తేడా వెదికితే దొరకకపోవచ్చు. కాని చీరలను చూస్తే ఏ రెండూ ఒకటికావు. గళ్లు, చారలు, లతలు, చుక్కలు, అంచులు అన్నీ అయిదారు మట్టిరంగులతోనే. నేతపనివారు, అద్దకపువారు నేటికీ ఆ నమూనాలను వెదుక్కొంటూ వస్తున్నారు. పరివారజనుల తలలమీది పొడుగు కుళ్లాయిలు, వాటి మడతలు, నడుముకట్లు చూసిన చిత్రకారుని కన్ను చాల పదునైనది.

అర్ధమండపం కప్పుమీది మహావీరభద్రునికి వచ్చిన కీర్తి చాలవరకు కొలతలవల్ల వచ్చింది. ఇరవైనాలుగు అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పు అని చెప్పగానే అందరూ ఆశ్చర్యపడతారు. ఆ మూర్తి గంభీరమే. అయితే అంత విశాలమైన తలంమీద ఈ కొద్దిరంగులు కొంత పలుచబడినట్టు అనిపిస్తుంది. రెండడుగుల పట్టెలలో కిటకిటలాడే బొమ్మలలో అవే రంగులు ఎక్కువ ప్రాణంతో పలుకుతవి. క్షీణత మాట వాడదలచినవారు, నీలాన్ని వదలి, ఒకే ముఖాన్ని మళ్లీమళ్లీ వ్రాయటాన్ని పట్టుకొంటే వాదానికి కొంత బలముండేది.

వీటిని ఫ్రెస్కోలనటం కూడ జాగ్రత్తగా చేయవలసిన పని. ఆ మాటకు కచ్చితమైన అర్థం ఒకటున్నది. గార తడిగా ఉండగానే, నీటిలో కలిపిన రంగు పూస్తే, లోపలి సున్నం పైకి ఊరి, గాలితో కలిసి సన్నని స్ఫటికపు పొరగా మారి రంగును బిగించుతుంది. జిగురు అక్కరలేదు. కాని గార ఆరేలోగా పని ముగియాలి. అందువల్ల ఒకరోజు ముగించగల మేరకే గార పూస్తారు. పెద్దచిత్రంలో రోజుకొక అతుకు మిగులుతుంది. సున్నపునీటిలో రంగు కలిపి ఆరిన గారమీద వ్రాయటం వేరు. జిగురుతో వ్రాయటం ఇంకా వేరు. సున్నపునీరు లీటరుకు ఒకటిన్నర గ్రాములకు కొంచెం పైగా మాత్రమే సున్నాన్ని కరిగించుకోగలదు, కనుక అది ఇచ్చే పట్టు తడిగార ఇచ్చే పట్టంత గట్టిది కాదు. ఏ పద్ధతి అయినదీ తెలియజేసేవి అతుకులు, రంగుపొర అడ్డుకోత. గైడుపుస్తకంలో అచ్చయిన మాట తెలియజేయదు.

ఆలయంలో పిల్లలు అడిగే మరొక ప్రశ్న విరుపణ్ణ కన్నులది. రాజధనం ఆలయానికి ఖర్చుచేసినాడన్న నేరానికి కన్నులు తీయమని ఆజ్ఞ అయిందనీ, ఆయనే వాటిని పెరికి కల్యాణమండపం గోడకు విసరినాడనీ కథ. గోడమీది ఎర్రని మరకలను చూపుతారు. కథను కథగా వినటంలో తప్పులేదు. దానిని రసాయనంతో రుజువుచేస్తామన్నప్పుడు మాత్రం ఒక చిక్కున్నది. రక్తంలో ఇనుమున్నది. పెద్దవాని శరీరం మొత్తంమీద ఉన్నది సుమారు నాలుగు గ్రాములు. నల్లరాతిలోనూ ఇనుమున్నది. రాతిలోని నల్ల అభ్రకంవంటి ఖనిజాలు ఎండకు వానకు శిథిలమైనప్పుడు ఆ ఇనుము బయటపడి తుప్పుమరకగా దిగుతుంది. కనుక మరకలో ఇనుమున్నదని తేలినంత మాత్రాన ఏమీ తేలినట్టు కాదు. మూలకం ఒకటే, సమ్మేళనాలు వేరు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆరిన కొద్దికాలానికే గోధుమరంగుకు, నలుపుకు తిరుగుతుంది. ఎర్రగా శతాబ్దాలు నిలిచేది జాజు. పరీక్షించదలచినవారు గోడకు చేయి తగలని పద్ధతులనే వాడాలి. ఒక్క చుక్క ఆమ్లం చాలు, పక్కనున్న సున్నపుగార బుసబుసమని కరిగిపోవటానికి.

అసలు భయపడవలసిన సంగతి వేరే ఉన్నది. లేపాక్షి కప్పుమీద కొన్ని భాగాలు వెలవెలబోయినవి. కొన్నిచోట్ల రంగు రాలి అడుగున ఉన్న గార కనబడుతున్నది. అనంతపురం సీమలో సంవత్సరానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతం. రైతుకు శాపమైన ఈ కరవు చిత్రాలకు ఒకవిధంగా మేలుచేసింది. కాని పూర్తి మేలు కాదు. ఎప్పుడూ పొడిగా ఉండే గోడకంటె, ఎప్పుడూ తడిగా ఉండే గోడకంటె, తడిసి ఆరి మళ్లీ తడిసే గోడ ఎక్కువ చెడుతుంది. పైకప్పు సందులో దిగిన నీరు దారిలోని లవణాలను కరిగించుకొని వస్తుంది. ఎండాకాలంలో నీరు ఆవిరై లవణం రంగుపొర వెనుక స్ఫటికమవుతుంది. పెరిగే స్ఫటికం పొరను పొలుసులుగా ఊడగొడుతుంది. సున్నపు కట్టడాల సందులను సిమెంటుతో పూడ్చటం ఎక్కడైనా మంచిదికాదనటానికి కారణం ఇదే. సిమెంటు కొత్త లవణాలను తెస్తుంది, చెమ్మను బయటికి పోనివ్వదు.

రక్షించబోయి చెరచిన సందర్భమూ ఒకటున్నది. 1920-22 మధ్య హైదరాబాదు నిజాం ప్రభుత్వం ఇటలీనుంచి చెక్కోని, ఓర్సిని అనే నిపుణులను పిలిపించి అజంతా చిత్రాలను బాగుచేయించింది. రాలిపోయే పొరలను వారు నేర్పుగానే అతికించినారు. కాని పైన లక్కనుంచి తీసిన షెల్లాక్ వార్నిషు పూసినారు. మొదట చిత్రాలు కళకళలాడినవి. క్రమంగా షెల్లాక్ పసుపుపచ్చబడింది, మసిని ధూళిని పట్టుకొన్నది, బీటలువారింది. తెల్లని రంగు బంగారపువన్నెకు, నీలం పచ్చదనానికి తిరిగినట్టు కనబడింది. తరవాతివారికి ఆ పూతను అంగుళమంగుళంగా కరిగించి తీయటమే ఒక పెద్ద పని అయింది. వార్నిషు సహజమైనదే. లక్కపురుగు ఇచ్చినదే. సహజమైనది గనుక హానిచేయదన్న నమ్మకం లేపాక్షి పసర్ల మాటకు దగ్గరి బంధువు.

2022లో లేపాక్షి ఆలయమూ, ఏకశిలా నందీ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినవి. అదే సంవత్సరం ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. వచ్చే జనం పెరుగుతారు. చెప్పే మాటలూ పెరుగుతవి. ఏవి నిజమో తేల్చుకొనటానికి హిందూపురం బడికైనా, పెనుగొండ బడికైనా నాలుగు పెంకుముక్కలు చాలు. తేరిన తడిసున్నం, సన్నని ఇసుక కలిపి ఉపాధ్యాయుడే పూయాలి. పొడిసున్నం పొంగించే పని పిల్లలకు అప్పగించరాదు, కంటిలో పడితే చూపు పోతుంది. తడిమీదనే ఒక ముక్కకు జాజు, ఒకదానికి పసుపు, ఒకదానికి గోరింటాకు పసరు, ఒకదానికి దీపపుమసి పూసి, ఒక్కొక్కదానిని రెండుగా విరిచి, సగాలను కిటికీలో ఎండ తగిలేచోట, సగాలను బీరువాలో పెట్టాలి. వేసవిసెలవులకు ముందు పెట్టి, బడి తెరిచిన రోజున తీసి పక్కపక్కన పేర్చాలి. ప్రతిముక్క వెనుకా తేదీ వ్రాయటం మరవరాదు.